మన ఊరికి వచ్చిన పరదేశి: బిషప్ అజరయ్య

సంఘం స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం కావాలని కమిటీ మిత్రులు ఫోన్ చేసినప్పుడు, గల్ఫ్ అనుభవాలు రాయి, పిల్లలకు పనికొస్తాయి అన్నారు. ఇరవై ఏళ్ళకు పైగా మస్కట్‌లో పనిచేసి వచ్చాను కనుక అడగడంలో తప్పులేదు. కూర్చుని రాయబోతే రెండు పేజీలు దాటలేదు. ఏజెంటుకు కట్టిన డబ్బు, ఉక్కపోత, ఓవర్‌టైము, రెండేళ్ళకోసారి సెలవు, అట్టపెట్టెలకు కట్టిన నైలాన్ తాళ్ళు. ఇవన్నీ మన బ్యాచ్‌లో సగం మందికి నాకంటే బాగా తెలుసు. అందుకని ఆ కాగితాలు పక్కన పెట్టి, మనకు ఎదురు దారిలో వచ్చిన ఒక మనిషి గురించి రాస్తున్నాను. మనం డోర్నకల్ జంక్షన్‌లో రైలెక్కి పరాయి దేశానికి పోయినవాళ్ళం. ఆయన పరాయి చోటి నుంచి వచ్చి డోర్నకల్ జంక్షన్‌లో దిగి, ముప్పై అయిదేళ్ళు ఇక్కడే పనిచేసి, ఇక్కడి మట్టిలోనే కలిసినవారు. ఆయనే బిషప్ అజరయ్య.

చిన్నప్పుడు ఆయన తెలుగువారే అనుకునేవాణ్ణి. వెంకయ్య, రామయ్య, లక్ష్మయ్య లాగా అజరయ్య. మనకంతటి సహజంగా నోట పలికే పేరు. కెతీడ్రల్ గుమ్మటాలు, మినార్లు రైల్లోంచి కనబడగానే ఊరొచ్చిందని మూటలు సర్దుకునేవాళ్ళం. కట్టించినాయన ఎవరని ఎప్పుడూ అడగలేదు. ఆయన తమిళుడనీ, ఇక్కడికి వచ్చేటప్పటికి తెలుగు రాదనీ తెలిసేసరికి నేను మస్కట్‌లో ఉన్నాను. సెలవు రోజున గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు చదివిన ఒక పుస్తకంలో మన ఊరి పేరు కనబడింది. ఊరి కోసం చదవడం మొదలుపెట్టి మనిషి కోసం పూర్తిచేశాను.

ఆయన 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి జిల్లా వెళ్ళాళన్‌విళై అనే చిన్న పల్లెలో పుట్టారు. తాటిచెట్ల దేశం అది. తండ్రి థామస్ వేదనాయగం ఆ పల్లె చర్చి గురువు, తల్లి ఎలెన్. పెట్టిన పేరు వేదనాయగం శామ్యూల్. చదువుకునే చోట అచ్చం అదే పేరుతో ఇంకొక కుర్రాడు ఉండడంతో, ఇద్దరినీ వేరుచేయడానికి పెద్దలు ఈయనకు అజరయ్య అనే బైబిలు పేరు తగిలించారు. మన బడిలో కూడా ఒకే తరగతిలో ఇద్దరు శ్రీనివాసులుంటే ఒకడు పొట్టి శీను, ఒకడు పొడుగు శీను అయినట్టన్నమాట. హాజరు పట్టీ కోసం పెట్టిన ఆ పేరే చివరికి లోకమంతా తెలిసింది.

పద్నాలుగో పదిహేనో ఏట తండ్రి పోయారు. తల్లి పట్టుదల మీద చదువు సాగింది. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో గణితం చదివారు. తీరా ఆఖరి పరీక్షల ముందు జబ్బుపడి డిగ్రీ పుచ్చుకోలేకపోయారు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

డిగ్రీ లేని కుర్రాడికి 1895లో వై.ఎం.సి.ఏ.లో కార్యదర్శి ఉద్యోగం దొరికింది. అక్కడ షెర్‌వుడ్ ఎడ్డీ అనే అమెరికన్‌తో స్నేహమైంది. ఇద్దరూ దక్షిణ దేశమంతా కలిసి తిరిగారు. ఒక తెల్లవాడు, ఒక నల్లవాడు ఒకే పనిలో సమానంగా ఉండవచ్చునని అజరయ్య ముందుగా తెలుసుకున్నది ఆ స్నేహంలోనే. 1898లో అన్బు మరియమ్మాళ్‌ను పెళ్ళిచేసుకున్నారు. ఆ ప్రాంతంలో కాలేజీ మెట్లెక్కిన తొలితరం క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. పెళ్ళి కట్నం లేకుండా జరిగింది. ఆ రోజుల్లో, ఆ సమాజంలో, అది చిన్న సంగతి కాదు.

1902లో ఉద్యోగరీత్యా సిలోన్‌లోని యాళ్పాణం, మనవాళ్ళు జాఫ్నా అంటారే, అక్కడికి వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో, తమ సొంత మనుషులను సముద్రం దాటించి భారతదేశంలో సేవకు పంపుతున్నారు. మనమెందుకు చేయలేం అన్న ఆలోచన ఆయనకు అక్కడ పుట్టింది. మరుసటి ఏడు, 1903 ఫిబ్రవరి 12న, పాళయంకోట్టైలో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ మొదలైంది. దాని నియమం ముచ్చటైనది: పనిచేసేవారు భారతీయులే, డబ్బు భారతీయులదే, నడిపేదీ భారతీయులే. విదేశీ పైసా ముట్టరు. పల్లె ఆడవాళ్ళు వంట ముందు తీసి పెట్టిన పిడికెడు బియ్యం లాంటి చిన్న చిన్న కానుకలే దాని మూలధనం. 1905 క్రిస్మస్ రోజున శ్రీరాంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ ఏర్పడినప్పుడూ ముందు నిలిచినవారిలో ఆయనున్నారు.

తిరునెల్వేలి సొసైటీ తన పనికి ఎంచుకున్న చోటు మనది. నిజాం రాజ్యం, వరంగల్ ప్రాంతం, మానుకోట చుట్టుపక్కల పల్లెలు. 1904 నుంచే అక్కడి మనుషులు ఇక్కడికి రావడం మొదలైంది. అజరయ్యగారు మద్రాసు నుంచి ఊరూరా తిరిగి, వెళ్ళండి, మీరు వెళ్ళండి అని యువకులను పురికొల్పేవారు. కొన్నేళ్ళకు ఆయనకే అడ్డం తిరిగింది. ఇతరులను పొమ్మని చెప్పి నేను మద్రాసులో కూర్చోవడమేమిటని మనసు పీకింది. 1909లో వై.ఎం.సి.ఏ. ఉద్యోగం వదిలేశారు. ఆ ఏడు జూన్‌లో డీకన్‌గా, డిసెంబరులో పూర్తి గురువుగా అభిషేకం పొందారు. ముప్పై అయిదేళ్ళ వయసు, సంసారం, పిల్లలు. మంచి పేరున్న ఉద్యోగం మానేసి డోర్నకల్ రావడమంటే ఈనాటి లెక్కలో ప్రమోషన్ మీద కంపెనీ వదిలి అడవికి పోవడమే.

నిజానికి అప్పటి డోర్నకల్ ఊరనడానికి పెద్దగా ఏమీ లేదు. సికింద్రాబాదు నుంచి బెజవాడ పోయే నిజాం రైలు, దాని నుంచి ఎల్లందు సింగరేణి బొగ్గుకు చీలిన లైను. ఆ చీలికే ఊరు. చుట్టూ చిట్టడవి, పల్లెలు, లంబాడీ తండాలు. తిరునెల్వేలి మనిషికి ఇది అన్ని విధాలా విదేశమే. రాజు వేరు, చట్టం వేరు. సర్కారు నడిచేది ఉర్దూలో. రూపాయి కూడా వేరే, మనది హాలీ సిక్కా. మద్రాసు రూపాయిలు ఇక్కడ మార్చుకోవలసిందే. మేం దిర్హాములూ రియాళ్ళూ లెక్కపెట్టినట్టే ఆయనా లెక్కపెట్టుకునుంటారు.

ఇక భాష. తమిళం, తెలుగు అక్కాచెల్లెళ్ళు కదా, ఎంతలో వస్తుందిలే అని మనకనిపిస్తుంది. తమిళ బడిలో అక్షరాలు దిద్దినవాడికి క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. నాలుక తిప్పడం దగ్గరే మొదలవ్వాలి. పైగా పుస్తకాల తెలుగు ఒకటి, మానుకోట పల్లెల తెలుగు ఇంకొకటి. మధ్యమధ్య తహసీలు, దఫ్తరు, జమాబందీ. మద్రాసు మేధావులతో ఇంగ్లీషులో ధారాళంగా మాట్లాడే మనిషి ముప్పై అయిదేళ్ళు దాటాక మళ్ళీ పలకా బలపం పట్టారు. తెలుగు నేర్చుకున్నారు, తెలుగులోనే బోధించారు, తెలుగు పల్లెల్లోనే తిరిగారు. అన్బుగారూ నేర్చుకుని ఆడవాళ్ళ మధ్య పనిచేశారు. ఇరవై ఏళ్ళకు పైగా అరబ్బుల మధ్య ఉండి, దుకాణంలో బేరమాడే నాలుగు ముక్కలు తప్ప అరబ్బీ రానివాణ్ణి నేను. మలయాళం మాత్రం వచ్చింది, అదీ మెస్సులో. కాబట్టి ఆ వయసులో ఆ పని ఎంత కష్టమో నా దగ్గర వేరే సాక్ష్యం అక్కర్లేదు.

ఇక్కడికి వచ్చి ఏడాది తిరక్కుండానే, 1910 జూన్‌లో, స్కాట్లండులోని ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభకు ఆయన వెళ్ళారు. పన్నెండు వందల మంది ప్రతినిధుల్లో ఆసియా వాళ్ళు ఇరవైకి మించి లేరు. ఆ సభలో ఆయన లేచి చెప్పిన సంగతి ఈనాటికీ ఆ చరిత్ర రాసేవాళ్ళంతా తలుచుకుంటారు. క్లుప్తంగా చెబుతాను. మా దేశానికి వచ్చిన మీ మిషనరీలు త్యాగాలు చేశారు, డబ్బిచ్చారు, ఒళ్ళు హూనం చేసుకున్నారు, కాదనను. ఏళ్ళ తరబడి కలిసి పనిచేసిన భారతీయుడిని మాత్రం ఇంటికి పిలిచి సరిసమానంగా కూర్చోబెట్టరు, అతని గడప తొక్కరు. మాకు కావలసింది మీ దయ కాదు, స్నేహం. ఇదీ సారాంశం. సభలో కొందరు హర్షించారు, కొందరికి కారం రాసినట్టయింది. ఎదురుగా కూర్చున్నవాళ్ళు ఆయన భవిష్యత్తును నిర్ణయించగలవాళ్ళు. పైవాళ్ళ ముందు నిలబడి ఆ మాట అనడం ఎలాంటిదో పరాయి కొలువు చేసినవాళ్ళకు తెలుసు.

ఆ పేజీలు చదివిన రోజు నాకెంతో సంబరమైంది. పదకొండేళ్ళు ఒకే అధికారి కింద పనిచేశాను. ఆయన ఇంటి గేటు దాకా ఎన్నోసార్లు ఫైళ్ళు మోసుకెళ్ళాను, ఒక్కసారీ లోపలికి రమ్మనలేదు. నా మాట ఎవరో వందేళ్ళ కిందటే చెప్పేశారని పొంగిపోయాను. రెండు రోజులు పోయాక ఇంకొకటి తట్టింది. నా కింద బంగ్లాదేశీ కుర్రాళ్ళు పన్నెండు మంది ఉండేవారు. వాళ్ళ క్యాంపు నా గదికి నడిచిపోయే దూరం. నేనెప్పుడూ వెళ్ళలేదు. ఇద్దరి పేర్లు కూడా నాకు సరిగా తెలియవు, నంబర్లతో పిలిచేవాళ్ళం. అప్పటినుంచి అజరయ్యగారి జీవితాన్ని ఒక్క ప్రశ్నతో చదవడం మొదలుపెట్టాను. ఎడిన్‌బరోలో దొరలను నిలదీసిన ఈయన, డోర్నకల్‌లో తానే బయటివాడు, తానే పైవాడు అయినప్పుడు ఏంచేశారు?

పైవాడు కావడం త్వరలోనే జరిగింది. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్‌కు ఆయన మీద గురి. భారతీయుణ్ణి బిషప్‌ను చేయాలని ఆయన ప్రతిపాదిస్తే గొడవ లేచింది. ఇంగ్లీషు మిషనరీలు నల్లవాడి కింద ఎలా పనిచేస్తారని కొందరు. ఆయన నాడార్ కులం గుర్తుచేసినవాళ్ళు తిరునెల్వేలి క్రైస్తవుల్లోనే కొందరు. సొంత జిల్లాలో పొసగని పదవి పరాయి చోట కుదిరింది. 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెతీడ్రల్‌లో అభిషేకం జరిగింది. ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యారు. ఆయన బతికినన్నాళ్ళూ సొంత డయాసిస్ ఉన్న భారతీయ ఆంగ్లికన్ బిషప్ ఆయనొక్కరే.

మొదట ఇచ్చిన డయాసిస్ చిన్నది. ఓడిపోయినా పెద్దగా నష్టం లేని చోట పెట్టి చూద్దామనుకున్నారేమో అని నాకు అనుమానం. ఓడిపోలేదు. 1920 తర్వాత కృష్ణా జిల్లా, దుమ్ముగూడెం, గుంటూరు, కర్నూలు వైపు మిషన్లు కూడా ఆయన కిందికి వచ్చాయి. బ్రిటిష్ ఇండియాలోని ఆ ప్రాంతాల ఇంగ్లీషు మిషనరీలకు నిజాం రాజ్యంలో ఉన్న తమిళుడు పై అధికారి అయ్యారు. స్వాతంత్ర్యానికి పాతికేళ్ళ ముందు మాట ఇది. ఆయన చివరి రోజులకు డయాసిస్‌లో క్రైస్తవులు రెండు లక్షలు దాటారు. ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవాళ్ళు.

ఆయన రోజులు ఆఫీసులో గడిచినవి కావు. ఎద్దుబండి మీద ఊరి వెంట ఊరు తిరిగేవారు. నాలుగు దెయ్యాలను తరిమికొట్టమని పల్లెల్లో చెప్పేవారు: మురికి, రోగం, అప్పు, సారా. ఈ నాలుగు ఇంగ్లీషులో ఒకే అక్షరంతో మొదలవుతాయి. తెలుగులో ఆ సొగసు పోయినా సంగతి పోలేదు. అప్పు మాటను వెట్టిచాకిరీ నడిచే పల్లెలో చెప్పడమంటే దొరల గడీ గోడకు వినబడేలా చెప్పడమే. పల్లెలకు పంతుళ్ళను తయారుచేయడానికి డోర్నకల్‌లో శిక్షణ పెట్టారు. భర్తతోపాటు భార్యకూ చదువు చెప్పించి, ఇద్దరినీ కలిపి పంపేవారు. చదువుతో పాటు చేతిపని, వ్యవసాయం నేర్పేవారు. ఈ చుట్టుపక్కల చాలా ఇళ్ళలో అక్షరం ముందుగా అడుగుపెట్టింది ఆ పంతుళ్ళ వెంటే. ఈ సంచిక చదివే మనలో కొందరి తాతముత్తాతలు ఆ పలకల మీద దిద్దినవాళ్ళే.

మాల మాదిగల మధ్య కంచం పొత్తు, మంచం పొత్తు ఉండేది కాదు. ఒకరి చర్చికి ఒకరు రానన్న రోజులు. క్రీస్తు సంఘంలో కులం చెల్లదని ఆయన గట్టిగా పట్టుబట్టారు. పూర్తిగా గెలిచారని చెప్పలేను. ఈనాటికీ గెలవని యుద్ధం అది. కానీ బయటివాడిగా తనకెందుకులే అని ఊరుకోలేదు. ఇంకొకటి, ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైనది. ఇంగ్లండు నుంచి వచ్చిన పాటలను, పద్ధతులను అలాగే అప్పజెప్పకుండా, తెలుగు కీర్తనలను, కోలాటాన్ని, భజనలను, జాతరను సంఘంలోకి రానిచ్చారు. కోత రోజుల్లో గింజలూ కోళ్ళూ కూరగాయలూ కానుకగా తెచ్చే పండుగలు పెట్టారు. బీదవాడు కూడా ఇచ్చేవాడుగా నిలబడాలన్నది ఆయన పట్టు. తిరునెల్వేలి పిడికెడు బియ్యం లెక్క ఆయన మరిచిపోలేదు. పుచ్చుకునేవాడికి ఎప్పుడూ తల వంగే ఉంటుందని ఎడిన్‌బరో మనిషికి తెలియదా!

ఇంతకీ నా ప్రశ్న. తన కొలతకు తాను తూగారా? చాలా వరకు తూగారనే అనుకుంటున్నాను. పల్లెకు వెళ్ళి, వాళ్ళ గడపలో కూర్చుని, వాళ్ళ భాషలో మాట్లాడారు. తూగనిచోట్లు లేకపోలేదు. క్రమశిక్షణలో కఠినుడు. తప్పుచేసిన సంఘస్థులను వెలిలో ఉంచడానికి వెనుకాడేవారు కాదు. ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకాన్ని, బిషప్ అధికారాన్ని గట్టిగా పట్టుకున్నారు. స్నేహం అడిగినంత తేలిక కాదు స్నేహితుడిగా ఉంటూ పెత్తనం చేయడం. పన్నెండు మందికి మేస్త్రీగా ఉండి ఆ పని చేయలేని నేను, రెండు లక్షల మందికి పెద్దగా ఉన్న మనిషిని తప్పుపట్టబోను.

మతమార్పిడి మీద గాంధీగారికీ ఆయనకూ 1930లలో అభిప్రాయభేదం వచ్చింది. అంటరానివాళ్ళు మతం మారడాన్ని గాంధీగారు సమర్థించలేదు. పల్లె బీదవాడికి తన మంచిచెడ్డలు తానే నిర్ణయించుకునే బుద్ధి ఉందన్నది అజరయ్యగారి వాదం. ఇద్దరూ దేశాభిమానులే. ఆ తగవు తేల్చడానికి ఈ సంచిక చోటు కాదు.

డిగ్రీ సంగతి మళ్ళీ వస్తానన్నాను. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ ఎల్‌ఎల్.డి. ఇచ్చింది. బి.ఏ. పట్టా లేని మనిషికి! పదో తరగతి తప్పి మన బడి వెనక గోడ మీద కూర్చుని ఏడ్చిన మిత్రులు ఈ వాక్యం రెండుసార్లు చదువుకోవచ్చు. లండన్, లౌసాన్, తోక్యో చూసిన మనిషి. 1929 నుంచి చివరిదాకా జాతీయ క్రైస్తవ పరిషత్తు అధ్యక్షులు. 1938లో మద్రాసు దగ్గర తాంబరంలో జరిగిన ప్రపంచ మహాసభకు భారతదేశం తరఫున పెద్దదిక్కు. ఇన్ని తిరిగినా దిగే స్టేషను డోర్నకలే. అంత పేరున్నవాడికి మద్రాసులో స్థిరపడడం ఎంతసేపు?

ఆయన కట్టించిన కెతీడ్రల్ లేవడానికి పాతికేళ్ళు పట్టింది. డబ్బు లేదు, వచ్చినప్పుడు కట్టేవారు, లేనప్పుడు ఆపేవారు. 1939 జనవరి 6న, ఎపిఫనీ పండుగ రోజున, ప్రతిష్ఠ జరిగింది. దాని పేరూ అదే. తూర్పు దేశపు జ్ఞానులు, అంటే పరదేశులు, వెతుక్కుంటూ వచ్చిన పండుగ అది. ఈసారి ఊరొచ్చినప్పుడు తీరిగ్గా చూడండి. పైన గుమ్మటాలు, మినార్లు మసీదు తీరు. లోపల రాతి స్తంభాలు మన గుళ్ళ తీరు, వాటి మీద తామరలు, అరటి పువ్వులు. నిజాం రాజ్యంలో, తెలుగు నేల మీద, తమిళుడు కట్టించిన ఇంగ్లీషు సంఘపు గుడి. ఎవరి ఇంటికి వచ్చామో వాళ్ళ ఇంటి తీరుగా ఉండాలన్న మర్యాద ఆ రాళ్ళలో కనిపిస్తుంది నాకు. మస్కట్‌లో నేను ఎన్నో గోడలు కట్టించాను. ఒక్కటీ ఆ ఊరిదిగా అనిపించలేదు.

1919లో తరంగంబాడిలో వివిధ మిషన్ల భారతీయులు కూర్చుని, ఇంగ్లండు అమెరికాల తగాదాలతో పుట్టిన చీలికలు మనకెందుకు, ఒక్కటవుదామని తీర్మానించుకున్నారు. ముందు నడిపింది ఆయనే. ఆ పని కోసం పాతికేళ్ళు పాటుపడ్డారు. 1947 సెప్టెంబరు 27న చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా ఏర్పడింది. చూడడానికి ఆయన లేరు. పల్లెల పర్యటన నుంచి జ్వరంతో తిరిగివచ్చి, 1945 జనవరి 1న, డోర్నకల్‌లోనే కన్నుమూశారు. డెబ్బై ఏళ్ళు. తిరునెల్వేలికి తీసుకుపోలేదు.

ఆయన తర్వాత డోర్నకల్ బిషప్ అయినవారు ఎలియట్ అనే తెల్లాయన. 1935 నుంచి అజరయ్యగారి కింద సహాయ బిషప్‌గా పనిచేసినవారు. ఇంగ్లీషువాడు నల్లవాడి కింద ఎలా పనిచేస్తాడని 1912లో అడిగినవాళ్ళలో ఎందరు అప్పటికి బతికున్నారో మరి.

కెతీడ్రల్ ఆవరణలోనే ఆయన సమాధి. పోయిన డిసెంబరులో వెళ్ళాను. బెజవాడ వైపు పోయే బండి ఒకటి కూత వేసుకుంటూ వెళ్ళింది. కిటికీలోంచి ఎవరో కుర్రాడు గుమ్మటాల వైపు వేలు చూపిస్తున్నాడు, పక్కన పెట్టెలకు నైలాన్ తాళ్ళు కట్టి ఉన్నాయి.